ఠండా చేసిన కాగితాలు

ఆ యేడు జూన్ నెలంతా నా వేళ్ళకు నీలం రంగు అంటుకునే ఉంది. కొంపల్లిలో ఒక బట్టల దుకాణంవాళ్ళు బడిపిల్లల స్కర్టులు కుట్టమని కట్టలు కట్టలుగా ఇచ్చారు. కొత్త బట్ట, చెమట చేతులు. ఎంత సబ్బు పెట్టి తోమినా రంగు పోయేది కాదు. రెండు వేల పదమూడు సంగతి ఇది. బళ్ళు తెరిచే నెలలో మిషను తొక్కేవాళ్ళకెవరికీ నిద్ర ఉండదు. నాలుగింటికి లేచి ట్యాంకర్ దగ్గర బిందెల వరుస, తర్వాత మా ఆయన షౌకత్‌కు డబ్బా కట్టి ఫ్యాక్టరీకి పంపడం, తర్వాత మిషను. చెవుల్లో ఒక పక్క మిషన్ చప్పుడు, ఇంకో పక్క మా అత్త దగ్గర చదువుకునే పిల్లల కేకలు.

నా పేరు తూబా, మా అత్త పేరు సఫూరాబీ. దూలపల్లిలో ఆ పేరు ఎవరికీ గుర్తుండదు, ఉస్తానీ అంటేనే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంటి వసారాలో చాపలు పరిచి పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతోంది. చదవడమంటే అక్షరం చూసి తప్పు లేకుండా పలకడం. అర్థం ఆమెకూ తెలియదు, ఆమెకు నేర్పినావిడకూ తెలియదు. ఆ కాలంలో ఆడపిల్లలకు అంతవరకే చెప్పేవారు. రాయడమైతే అసలే చెప్పలేదు.

మా డాబా మీద రేకుల గదిలో బాబికర్ ఉండేవాడు. సూడాన్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు. గండిమైసమ్మ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం. కిందటి ఆగస్టులో దిగినప్పుడు దూలపల్లిలో పదకొండు ఇళ్ళు అడిగాడట. గేటుకు ఖాళీ బోర్డు వేలాడుతున్న ఇల్లు కూడా ఇతన్ని చూడగానే నిండిపోయేది. చివరికి మసీదులో తన పక్కన నమాజు చేసినవాణ్ణి షౌకత్ ఎక్కడుంటున్నావని అడిగి, సాయంత్రానికి పెట్టెతో సహా ఇంటికి తెచ్చాడు. నన్నొక మాట అడగలేదు. అందుకు నేను మా ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు.

ఇక్కడ అతనికి ఎండ తప్ప అన్నీ కష్టమే. మా ఎండకు ఆగుతున్నవా అని అందరూ అడిగేవాళ్ళు. ఇది మాకు చలికాలం అని నవ్వేవాడు. కారానికి మాత్రం కళ్ళనీళ్ళు కారేవి. సెవెన్ సీటర్ ఆటోలో అతని పక్క సీటు ఆఖరి దాకా ఖాళీగా ఉండేదట. కొత్తలో అది మర్యాద అనుకున్నాడట. ఆ మాట చెప్పినప్పుడు నేను మిషన్ ఆపలేదు. ఆపితే అతని మొహం చూడాల్సి వచ్చేది. తెలుగు ఆ ఆటోల్లోనే నేర్చుకున్నాడు, ఉర్దూ మా అత్త దగ్గర నేర్చుకున్నాడు. రెండూ కలిపి మాట్లాడితే వసారాలో పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

మేడ్చల్ అంగడిలో పుంటికూర, అదే గోంగూర, కట్టలు చూసి, దీని పూలెక్కడ అని అమ్మేవాళ్ళను అడిగాడట. వాళ్ళ దేశంలో ఆకు ఎవరికీ పట్టదు. కాయను అంటుకుని ఉండే ఎర్రటి రెక్కలు ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారు. ఆ సంగతి విన్నాక మా అత్త పెరట్లో రెండు పుంటికూర మొక్కలను ఎవరినీ గిల్లనివ్వలేదు. పూతకు రానీ అంది.

అతను నన్ను ఆపా అనేవాడు, అంటే అక్క. మా అత్తను హాజ్జా అని, అంటే హజ్ చేసి వచ్చినావిడ అని పిలిచేవాడు. వాళ్ళ వైపు పెద్ద వయసు ఆడవాళ్ళందరినీ అట్లాగే పిలుస్తారట. మా అత్త శామీర్‌పేటలో పుట్టి దూలపల్లిలో మెట్టింది. మక్కా మాట అటుంచి, మహబూబ్‌నగర్ కూడా చూడలేదు. "నేను హజ్‌కు పోలే బిడ్డా" అని మొదటిరోజే చెప్పింది. అతను వినిపించుకోలేదు. వారం తిరక్కుండా గల్లీలో ఆడవాళ్ళు "హాజ్జమ్మా, మక్కా నుంచి మా వాటా జంజం నీళ్ళేవి?" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఆమె వాళ్ళను తిట్టేది. కానీ పైనుంచి అతను హాజ్జా అని కేకేస్తే మొదటి కేకకే పలికేది.

అతను ఇంట్లో మాట్లాడే భాష అరబ్బీ. ఫోన్లో వాళ్ళ అన్నతో పోట్లాడుతుంటే కింద మా అత్త తల మీద కొంగు సర్దుకునేది. అతని చెత్తలో అరబ్బీ అక్షరాలున్న బిస్కెట్ పొట్లం కనపడితే తీసి, దులిపి, అల్మారా పైన పెట్టేది. నేను నవ్వేదాన్ని. అప్పుడే నవ్వు మానేసి, అరబ్బీలో ఉన్నదల్లా ఖురాన్ కాదని ఒక మాట చెప్పి ఉండాల్సింది.

చినిగిపోయిన ఖురాన్ పేజీలను మేము చెత్తలో వేయం. షహీద్ అయినయి, అమరమైనయి అంటాం. తెల్ల గుడ్డ సంచిలో దాచి, షబేబరాత్ పండుగకు ఇల్లు దులిపేటప్పుడు తీసుకుపోయి మంచి నీళ్ళున్న చోట వదులుతాం. దాన్ని ఠండా చేయడం అంటాం. మా దగ్గరి చెరువులో నీళ్ళకంటే కంపెనీల మురికే ఎక్కువ కాబట్టి, మా అత్త ఏటా తన పుట్టింటి వైపు, శామీర్‌పేట చెరువుకే పోతుంది. పిల్లలు చదివి చదివి చింపిన పేజీలు ఏడాదికి సంచెడు అయ్యేవి.

ఆ యేడు షబేబరాత్‌కు ముందు శుక్రవారం రాత్రి గట్టి వాన కొట్టింది. పైన రేకుల సందు నుంచి నీళ్ళు సరిగ్గా బాబికర్ పెట్టె మీదే పడ్డాయి. శనివారం పొద్దున్నే అతనికి ల్యాబ్ పరీక్ష. తడిసిన కాగితాలన్నీ డాబా మీద ఎండలో పరిచి, గాలికి పోకుండా వాటి మీద దొరికినవన్నీ బరువు పెట్టి పరుగెత్తాడు. ఇటుక ముక్క, గిన్నె, ఒక జత చెప్పులు.

పది గంటలకు మా అత్త బట్టలు ఆరేయడానికి పైకి పోయింది. కిందికి దిగేసరికి కాగితాలు కొంగులో ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది.

"చెప్పులు తూబా. బిస్మిల్లా మీద చెప్పులు పెట్టిండు."

నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుచ్చిళ్ళు సర్దుతున్నాను. తలెత్తలేదు.

"కావాలని చేయలే పిల్లగాడు. పరీక్షకు పరేషాన్‌ల పోయిండు. దేశంగాని దేశంల ఒక్కడు, ఆగమైతుండు. మనం చెప్తె సిగ్గుతోని సస్తడు. నువ్వు అనకు, నేనూ అన. సంచిల పెట్టి ఇయాల్నే ఠండా చేసొద్దాం." మళ్ళీ ఒక్క క్షణం ఆగి, "జర సూడు బిడ్డా, ఏం పేజీలో" అంది.

"ఊఁ" అన్నాను. చూడలేదు. ఆమె ఆ కాగితాలను ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని సంచిలో పెట్టింది. ఆమె కళ్ళకు అప్పటికే పొరలు. పై వరుసలో పెద్దక్షరాల బిస్మిల్లా, ఖురాన్ అధ్యాయాల మొదట ఉండే దేవుని పేరు, తప్ప ఏమీ కనపడవు.

మధ్యాహ్నం ఆటోలో దేవరయాంజాల్ మీదుగా తూముకుంట, అక్కడి నుంచి బస్సులో శామీర్‌పేట. చెరువు సగం ఎండి ఉంది. కట్ట దిగి, బురదలో చాలా దూరం నడిస్తే గాని నీళ్ళు రాలేదు. మా అత్త మోకాళ్ళు కట్ట దాకానే పనిచేశాయి. ఆమె కట్ట రాళ్ళ మీద నిలబడి దువా చదువుతుంటే, సంచి పట్టుకుని నేను నీళ్ళలోకి దిగాను. తొడల లోతుకు పోయాక సంచి మూతి విప్పి గుప్పెడు గుప్పెడు వదిలాను. పాత పేజీలు పసుపుపచ్చగా కాసేపు తేలి మునిగాయి.

ఆఖరి గుప్పెడు మందంగా ఉంది. ఆ కాగితాలు తెల్లగా ఉన్నాయి. అందులో ఒకటి నీళ్ళ మీద వెల్లకిలా విచ్చుకుంది. పైన బిస్మిల్లా. కింద ఒక మూల అతికించిన చిన్న ఫోటో, తెల్లచొక్కా వేసుకున్న పిల్లవాడు. ఫోటో మీదికి సగం ఎక్కిన గుండ్రటి నీలం ముద్ర.

బొమ్మ ఉన్న కాగితం ఖురాన్ పేజీ కాదని మా వసారాలో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఒక్క అడుగు వేసి చేయి చాపితే అందేది. ఇంటి దగ్గర ఇంకా ఇరవై ఆరు స్కర్టులు ఉన్నాయి. ఆరింటికి దుకాణం మనిషి వస్తాడు. బస్సు దొరకాలి, ఆటో దొరకాలి, పొయ్యి వెలిగించాలి. అవసరమైన కాగితమైతే చెప్పు కింద ఎందుకు పెడతాడులే అనుకున్నాను. అనుకున్నాననడం కూడా అబద్ధమే. ఏమీ అనుకోలేదు. అలసిపోయి ఉన్నాను. అది మెల్లగా నాని, మునిగిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

"అయినయా బిడ్డా?" అని కట్ట మీది నుంచి అత్త కేకేసింది.

"అయినయి అమ్మీ" అన్నాను.

మేము ఇల్లు చేరేసరికి బాబికర్ గల్లీలో వంగి మోరీలోకి చూస్తున్నాడు. పైనా కిందా అంతా వెతికినట్టున్నాడు, చొక్కా మట్టి కొట్టుకుపోయింది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు.

"హాజ్జా, కాగితాలు. పైన. నావి. గాలి పోయింది?"

"గాలికి పోలే బిడ్డా. నేనే తీసిన. ఫికర్ చేయకు, మంచిగ ఠండా చేసినం."

అతనికి ఠండా అంటే చల్లదనం అనే తెలుసు. తెరిచి ఉన్న తలుపులోంచి మా ఫ్రిజ్ వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

"చెర్వుల ఏసినం" అన్నాను నేను.

అతను వసారా మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు. అవి బడి చదువు పూర్తయిన సర్టిఫికెట్లు. అసలువి. నెలాఖరులోగా అందరు విదేశీ విద్యార్థుల అసలు కాగితాలు చూపించాలని కాలేజీ నోటీసు పెట్టింది. చూపిస్తేనే కాలేజీ చిట్టీ ఇస్తుంది. చిట్టీ ఉంటేనే ఇక్కడ ఉండే పర్మిట్ పొడిగిస్తారు. పర్మిట్ జూలై ముప్ఫై ఒకటితో అయిపోతుంది. ఆ తర్వాత దేశం విడిచి పోవాల్సిందే, చదివిన ఏడాది కూడా పోయినట్టే.

మా అత్త నిలబడే ఉంది. "దాని మీద బిస్మిల్లా ఉండె కద బిడ్డా?"

"ఉంది హాజ్జా. మా దగ్గర ఆఫీసు కాగితం అన్నిటి మీద ఉంది. కరెంట్ బిల్లు మీద కూడా ఉంది."

"కరెంట్ బిల్లు మీద?" అని ఒకసారి అడిగింది ఆమె. లోపలికి పోయి కూర్చుంది. మరునాటి పండుగకు తెచ్చిన రవ్వ, చక్కెర అట్లాగే పొట్లాల్లో ఉండిపోయాయి.

ఆదివారం తెల్లవారకముందే షౌకత్, బాబికర్ చెరువుకు పోయారు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా నీళ్ళలో వెతికారు. ప్లాస్టిక్ కవర్లో చారెడు కాగితం ముద్ద తెచ్చారు. అందులో ఏది ఖురానో ఏది సర్టిఫికెటో అతనికి కూడా తెలియలేదు. మా అత్త దాన్ని పారేయడానికీ భయపడింది, దాచడానికీ భయపడింది. చివరికి అల్మారా పైన, ఆ బిస్కెట్ పొట్లాల పక్కన పెట్టింది.

బుధవారం మేము ముగ్గురం కాలేజీకి పోయాం. విదేశీ విద్యార్థుల పని చూసే గుమాస్తా పేరు దేవేందర్. మంచివాడే. బల్ల మీద ఫైళ్ళు తలెత్తు ఉన్నాయి, ఫ్యాన్ తిరగడం లేదు. అంతా విని తల పట్టుకున్నాడు.

"బస్సుల పోయినయని రాసిస్తె ఒడిసిపోతుండె గద పెద్దమ్మా. చెర్వుల ఏసినమని ఎవలన్న రాస్తరా?"

"అబద్ధం రాస్తె పిల్లగాడు పోగొట్టుకున్నట్టయితది" అంది మా అత్త. "తప్పు నాది. ఉన్నదే రాయుండ్రి."

దేవేందర్ బాబికర్ ఫైలు ముందుకు లాక్కున్నాడు. "సరే, ఇనుండ్రి. యూనివర్సిటోళ్ళకు కావల్సింది ఒక్కటే. అసలు కాగితం అనేది నిజంగ ఉండెనా లేదా. కిందటేడు కొందరు ఒట్టి ఇంగ్లిష్ తర్జుమా పట్టుకొచ్చి చేరిన్రని తేలింది. అందుకే గీ నోటీసు. మా దగ్గర ఇతనిది తర్జుమానే ఉంది. అసలుది కండ్లతోని చూసినోళ్ళు సాక్ష్యం రాసిస్తె, నకలు తెచ్చుకునేదాక మూడు నెలలు గడువు అడుగుత. ఇస్తరు. మీరు చూసిన్రు గద. దాని మీద ఏమేం ఉండె?"

"బిస్మిల్లా ఉండె."

"ఇంకా?"

"అరబ్బీ ఉండె."

"అరబ్బీల ఏం రాసుండె? మీరు ఉస్తానీ అంట గద, ఇతను చెప్పిండు. ఒక్క ముక్క చెప్పినా చాలు."

మా అత్త నేల చూసింది. ఆ గదిలో ఇంకో ఇద్దరు గుమాస్తాలు, చిట్టీల కోసం నిలబడ్డ పిల్లలు ఉన్నారు. అందరూ వింటున్నారు.

"సదువుడు వస్తది బిడ్డా. అర్థం రాదు."

"ఫోటో ఉండెనా? ముద్ర ఉండెనా?"

"కండ్లు సరిగ కనపడవు. పైన పెద్దక్షరాలే సూసిన."

"నీళ్ళల్ల ఏసింది ఎవరు?"

"నేనే" అంది ఆమె వెంటనే. "నేనే తీసిన, నేనే ఏసిన. గీ పిల్ల ఉత్తగ తోడొచ్చింది."

దేవేందర్ నా వైపు తిరిగాడు. "నువ్వేమన్న చూసినవా అమ్మా? ఫోటో, ముద్ర, ఏదన్న సరే."

బాబికర్ కూడా నా వైపు చూశాడు. చూశాను అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. చూసి ఎందుకు తీయలేదు. ఆ ప్రశ్నకు అతని ముందు, ఆమె ముందు, కాగితం మీద ఏం చెప్పను? నా నీలం వేళ్ళు చూసుకున్నాను.

"లేదు సార్. సంచి అమ్మీ చేతిలనే ఉండె" అన్నాను.

దేవేందర్ రాసిన కాగితం చదివి వినిపించి, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. మా అత్త పెన్ను తీసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు దూలపల్లి పిల్లలందరికీ చదువు చెప్పినావిడ ఎడమ చేయి చాపింది. దేవేందర్‌కు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిరా డబ్బా జరిపి, వేలు తనే పట్టుకుని మెల్లగా ఒత్తించాడు.

తిరుగు ఆటోలో ఆమె బొటనవేలిని కొంగుకు తుడుస్తూనే ఉంది. గండిమైసమ్మ దాటాక అంది, "కరెంట్ బిల్లయితదో ఖురాన్ అయితదో తెల్వని దాన్ని నేను, తూబా. ఎందరు పిల్లల తోని సదివించిన."

"అట్లనకు అమ్మీ" అన్నాను.

మరునాడు పిల్లలు వచ్చేసరికి వసారాలో చాపలు లేవు. "వేరే ఉస్తానీని సూసుకోండ్రి బిడ్డా, నాకు శాతనైతలేదు" అని గుమ్మంలోనే చెప్పి పంపించింది. పిల్లలు సెలవనుకుని ఎగురుకుంటూ పోయారు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను కాపురానికి వచ్చాక ఎప్పుడూ వినలేదు. మిషన్ చప్పుడు ఒక్కటే మిగిలింది. దాన్ని వింటూ నాలుగు రోజులు ఆగాను. ఆగడం అంటే నిద్ర పోకపోవడం, షౌకత్ మీద ఊరికే అరవడం.

సోమవారం, కుట్టిన బట్ట దుకాణంలో ఇచ్చి వస్తానని చెప్పి, సెవెన్ సీటర్ ఎక్కి ఒక్కదాన్నే కాలేజీకి పోయాను. దేవేందర్ ముందు నిలబడి అంతా చెప్పాను. తెల్లచొక్కా, ఫోటో, సగం ఎక్కిన నీలం ముద్ర. నా చేతుల మీదుగానే పోయిందని కూడా చెప్పాను.

అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫైలు శుక్రవారమే పోయిందమ్మా. చూసిన సాక్షులు లేరని రాసి పంపిన. మొన్న లేదన్నామె ఇయాల ఉండెనంటె వాళ్ళు నమ్ముతరా? నిన్నొక్కదాన్నే కాదు, ఆ పెద్దమ్మ చెప్పింది గూడ నమ్మరు."

"మొన్ననే చెప్తే?"

"మొన్ననే చెప్తె గడువు ఇస్తుండ్రి కావొచ్చు" అన్నాడు.

కావొచ్చు అన్నాడు. ఇస్తుండ్రి అని గట్టిగా అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. రాత్రి పడుకోగానే ఆ కావొచ్చు నాతో పాటు మంచం ఎక్కుతుంది.

జూలై రెండో వారంలో రంజాన్ మొదలైంది. గడువు ఇవ్వలేమని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. అక్కడ వాళ్ళ అన్న నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, మనిషే స్వయంగా వచ్చి అడగాలంటున్నారని ఫోన్ చేశాడు. బాబికర్ పోవడం ఖాయమైంది. ఆ వారం అతను ఉపవాసం విప్పడానికి కిందికి రాలేదు. మా అత్త రోజూ సాయంత్రం ఖర్జూరాలు, పండ్లు, కారం వేయని గుగ్గిళ్ళు పళ్ళెంలో సర్ది నాతో పంపేది. పళ్ళెం తెల్లారి కడిగి మెట్ల మీద పెట్టి ఉండేది.

తొమ్మిదో రోజో పదో రోజో, అజాన్‌కు ఐదు నిమిషాల ముందు అతను పళ్ళెం పట్టుకుని తనే దిగి వచ్చాడు. నేల మీద కూర్చుని పళ్ళెం మధ్యలో పెట్టాడు. వాళ్ళ ఇళ్ళల్లో అందరూ ఒకే పళ్ళెంలో తింటారని అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాడు. మేము నవ్వి ఎవరి పళ్ళెం వాళ్ళు పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు షౌకత్ జరిగి అతని పక్కన కూర్చున్నాడు. మా అత్త కూడా కూర్చుంది. అజాన్ వినపడ్డాక ఆమె చేయి ముందుకు రాకపోతే, అతనే ఒక ఖర్జూరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తింటూ ఏడ్చింది.

జూలై నెలాఖరున ఊరంతా టీవీల ముందే ఉంది, తెలంగాణ రాష్ట్రం ఇస్తారని. అతను పోయే రోజు కూడా గల్లీలో అదే మాట. షౌకత్ ఆటోలో పెట్టె ఎక్కిస్తున్నాడు. మా అత్త గుమ్మంలో దువా చదివి అతని మీద ఊదింది. మరిచిపోయిన ఛార్జర్ కోసం అతను పైకి పోతే, నేను వెనకే పోయాను. ఛార్జర్ తీసుకుని దిగుతుంటే మెట్ల మలుపులో ఆపాను.

"బాబికర్, ఫోటో నేను చూసిన. నీళ్ళ మీద. తెల్ల అంగీ, నీలం ముద్ర. అందుతుండె, అయినా తియ్యలే. ఆఫీసుల అబద్ధం చెప్పిన."

అతనికి అన్ని మాటలూ అందాయో లేదో అనుకున్నాను. అందాయి. గోడకు ఆనుకున్నాడు.

"ఎందుకు ఆపా? ఎందుకు తియ్యలే?"

"అలసిపోయిన" అన్నాను.

అతను ఆ మాట తెలిసినట్టే తలూపాడు. ఛార్జర్ తీగను వేళ్ళకు చుట్టుకున్నాడు.

"నేను కూడా మస్తు అలసిపోయిన ఆపా. ఒక సంవత్సరం. ఆటోలో, కాలేజీలో, అన్ని చోట్ల. ఇంటికి పోవాలని రోజూ అనుకున్న. కాగితం పోయింది అన్నప్పుడు ఏడుపు వచ్చింది. కొంచెం సంతోషం కూడా వచ్చింది. అది ఎవరికీ చెప్పలే."

కింద షౌకత్ పిలుస్తున్నాడు. అతను రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగాడు.

"హాజ్జాకు చెప్పకు" అన్నాడు. "ఆమెకు నువ్వే ఉన్నవు."

డిసెంబరులో మెసేజ్ వచ్చింది. అక్కడే ఒక కాలేజీలో మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరాడట. హాజ్జాకు సలాం అని రాశాడు. నేను చదివి వినిపించాను. అప్పటికి పెరట్లో పుంటికూర మొక్కలు పూసి, కాసి, ఎర్రబడ్డాయి. మా అత్త ఆ రెక్కలు తీసి ఎండబెట్టి డబ్బాలో పోసింది. ఎవరమూ ఆ షర్బత్ చేసుకోలేదు.

మరుసటేడు షబేబరాత్ కూడా జూన్‌లోనే వచ్చింది. నా వేళ్ళు మళ్ళీ నీలంగానే ఉన్నాయి. పిల్లలు రావడం మానేశారు కాబట్టి సంచి చిన్నది. ఇంట్లో చినిగిన పేజీలు, గల్లీలో వాళ్ళు తెచ్చి ఇచ్చినవి కొన్ని, అల్మారా మీది ఆ ముద్ద. మా అత్త నా మిషన్ పక్కన కూర్చుని సంచి నా ఒళ్ళో పెట్టింది. కళ్ళు అప్పటికి ఇంకా మసకబారాయి.

"ఒక్కొక్కటి సూసి పెట్టు బిడ్డా. రెండు దిక్కులా సూడు. బొమ్మ గాని ముద్ర గాని ఉంటే పక్కకు తియ్యి" అంది. నా చేయి తడిమి పట్టుకుంది. "నాకు తెల్వక గట్లయింది. నువ్వైతే సూస్తుంటివి. ఆ పొద్దు నీ చేతికే ఇయ్యకపోతి."

ఇచ్చింది. చెరువులోకి సంచి నేనే పట్టుకుపోయాను. ఏడాదిగా ఆఫీసులో చెప్పిన మాటనే తిప్పి తిప్పి చెప్పుకుని, నేనే ఏసిన అని ఆమె నిజంగానే నమ్మేసింది.

మిషన్ ఆపాను. కుట్టాల్సినవి ఇంకా ముప్ఫై ఉన్నాయి. మొదటి పేజీ తీసి వెలుతురుకు పట్టుకుని చూశాను. తిప్పి వెనక వైపు చూశాను. ఏమీ లేదు అమ్మీ అన్నాను. ఆమె దాన్ని అందుకుని కళ్ళకద్దుకుని, రెండోది తియ్యమంది.